ముందు నడిచినవాడు

సూర్యాపేట బ్యాంకు ఉద్యోగి కొడుకు సంతోష్ బాబు కోరుకొండ సైనిక్ స్కూల్‌లో ఆరో తరగతిలో చేరాడు. ఇరవై ఏడేళ్ల తర్వాత గల్వాన్ లోయలో తన బెటాలియన్‌కు ముందు నిలిచి ప్రాణమిచ్చాడు. ఆయనకు దక్కిన మహావీర్ చక్ర కథ ఇది. ఆ బాట మన స్టేషన్ ఘన్‌పూర్ పిల్లలకు ఎందుకు ఆనడం లేదన్న ప్రశ్న కూడా ఇందులోనే ఉంది.

మహావీర్ చక్ర యుద్ధకాలపు పతకం. శత్రువు ఎదుట చూపిన అసాధారణ సాహసానికే ఇస్తారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో మాత్రం ఒక్క తూటా పేలలేదు. భారత్ గానీ, చైనా గానీ యుద్ధం ప్రకటించలేదు. అయినా ఏడు నెలలు తిరిగాక, 2021 గణతంత్ర దినోత్సవం సందర్భంగా విడుదలైన శౌర్య పురస్కారాల జాబితాలో 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు పేరు పక్కన ‘మహావీర్ చక్ర, మరణానంతరం’ అని ఉంది. పరమ్‌వీర్ చక్ర తర్వాత యుద్ధరంగంలో ఇంతకన్నా పెద్ద గౌరవం లేదు.

ఆ రాత్రి సంగతి దేశమంతా విన్నదే. అంతకు ముందు నడిచిన పొడుగాటి కథ గురించి మాట్లాడుకున్నది తక్కువ. ఒక పదాతి దళ అధికారి ఎలా తయారవుతాడు, ఎన్ని మెట్లెక్కితే ఎనిమిది వందల మంది జవాన్ల బాధ్యత భుజాన పడుతుంది, ఛాతీ మీది ఒక్కో రిబ్బన్ ఏం చెబుతుంది... ఈ సంగతులు మన వైపు ఇళ్లలో పెద్దగా వినిపించవు.

స్టేషన్ ఘన్‌పూర్ నుంచి సూర్యాపేట ఎంతో దూరం కాదు. జనగామ దాకా వెళ్లి దేవరుప్పుల, తిరుమలగిరి, అర్వపల్లి మీదుగా దిగితే వచ్చేస్తుంది. అక్కడి కోర్టు చౌరస్తాలో 2021 జూన్ 15న, తొలి వర్ధంతి నాడు సంతోష్ బాబు విగ్రహం పెట్టారు. విగ్రహం దగ్గరికి బాట ఉంది. విగ్రహమైన మనిషి నడిచిన బాట ఎక్కడ మొదలైందో చూద్దాం.

తండ్రి తీరని కోరిక

సంతోష్ 1983 ఫిబ్రవరి 13న పుట్టారు. తండ్రి ఉపేందర్ బ్యాంకు ఉద్యోగి, తల్లి మంజుల. సైన్యంలో చేరాలన్నది మొదట తండ్రి కోరిక. బంధువులు వద్దనడంతో అది తీరలేదని, అందుకే కొడుకునైనా ఆ దారిలో పంపాలనుకున్నానని గల్వాన్ ఘటన తర్వాత ఉపేందర్ మీడియాకు చెప్పారు. ఒక్కగానొక్క కొడుకును పదేళ్ల వయసులో ఇంటికి వందల కిలోమీటర్ల దూరాన, విజయనగరం పక్కనున్న కోరుకొండకు పంపడం మామూలు నిర్ణయం కాదు.

కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 జనవరిలో మొదలైంది. విజయనగరం సంస్థానాధీశుడు పి.వి.జి.రాజు ఇచ్చిన రాజప్రాసాదంలో అది నడుస్తోంది. పొద్దున్నే పీటీ, సాయంత్రం ఆటలు, మధ్యలో చదువు. బట్టలు మడతపెట్టుకోవడం దగ్గర్నుంచి పదిమంది ముందు నిలబడి మాట్లాడటం దాకా అన్నీ అక్కడ పాఠాలే. ఈ బళ్ల అసలు ఉద్దేశం జవాన్లను తయారు చేయడం కాదు, నేషనల్ డిఫెన్స్ అకాడమీకి పిల్లలను సిద్ధం చేయడం. సంతోష్ అక్కడ ఇంటర్ దాకా చదివి, 2000లో ఎన్‌డీఏకు ఎంపికయ్యారు. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలటరీ అకాడమీలో ఏడాది. 2004 డిసెంబరులో లెఫ్టినెంట్‌గా భుజం మీద రెండు నక్షత్రాలు పడ్డాయి. ఆయనకు దక్కిన బెటాలియన్ 16 బిహార్.

బిహార్ రెజిమెంట్‌లో హైదరాబాద్ వేరు

తెలుగు కుర్రాడికి బిహార్ రెజిమెంట్ ఏమిటని అడిగేవాళ్లుంటారు. పదాతి దళంలో జవాన్లను చాలావరకు ప్రాంతాన్ని బట్టి, సముదాయాన్ని బట్టి రెజిమెంట్లలోకి తీసుకుంటారు. అధికారులకు ఆ లెక్క వర్తించదు. ఏ రాష్ట్రం వాడైనా ఏ రెజిమెంట్‌కైనా వెళ్లొచ్చు. వెళ్లాక తన జవాన్ల భాష నేర్చుకోవాలి, వాళ్ల పండగలు చేసుకోవాలి, వాళ్ల లంగరులో తినాలి. బిహార్ రెజిమెంట్‌లో బిహారీలతోపాటు జార్ఖండ్, ఒడిశా ఆదివాసులూ ఎక్కువ. అందుకే వాళ్ల రణనినాదాలు రెండు: ‘జై బజరంగ్ బలీ’, ‘బిర్సా ముండా కీ జై’. వాళ్ల నినాదం ‘కర్మ్ హీ ధర్మ్’.

ఈ రెజిమెంట్ పుట్టుకలో మన ఊసూ ఉంది. 1941లో బిహార్ రెజిమెంట్‌ను నిలబెట్టినప్పుడు దాని మొదటి బెటాలియన్‌ను కొత్తగా ఏర్పాటు చేయలేదు. 19వ హైదరాబాద్ రెజిమెంట్‌కు చెందిన 11వ టెరిటోరియల్ బెటాలియన్‌నే అలా మార్చారు. ఆ హైదరాబాద్ రెజిమెంట్ మూలం నిజాం ఖర్చుతో పోషించిన హైదరాబాద్ కాంటింజెంట్. రెసిడెంట్ హెన్రీ రస్సెల్ 1813లో తయారు చేసిన రస్సెల్ బ్రిగేడ్ అందులో ఒక పాయ. 19వ హైదరాబాద్ రెజిమెంటే తర్వాత 1945లో కుమావూ రెజిమెంట్ అయింది. సూర్యాపేట కుర్రాడు దానాపూర్ కేంద్రంగా ఉన్న బిహార్ రెజిమెంట్‌లో చేరడం పరాయి ఇంటికి వెళ్లడమేం కాదు, చరిత్రలో దూరపు చుట్టరికం ఉంది.

మెట్టు మెట్టుకూ పరీక్ష

పదాతి దళం అంటే కాలినడకన పోరాడే సైన్యం. ట్యాంకు లేదు, ఓడ లేదు, విమానం లేదు. చేతిలో ఆయుధం, వీపున మూట, పక్కన మనుషులు. అందుకే ఇక్కడ అధికారి పని నేర్పే తీరూ వేరు. ఇరవై రెండేళ్ల లెఫ్టినెంట్‌కు మొదటి రోజే ముప్పై మందికి పైగా జవాన్ల ప్లటూన్‌ను అప్పగిస్తారు. అందులోని సుబేదార్‌కు అతని వయసంత సర్వీసు ఉంటుంది. ఆయన ‘సాబ్’ అని సెల్యూట్ కొడతాడు, కానీ గౌరవం సెల్యూట్‌తో రాదు. పరుగులో ముందుండాలి, గస్తీలో ముందుండాలి, జవాన్లు తిన్నాకే తాను తినాలి. మహౌలోని ఇన్‌ఫాంట్రీ స్కూల్‌లో యంగ్ ఆఫీసర్స్ కోర్సు, బెళగావిలో కమాండో శిక్షణ, గుల్‌మార్గ్‌లో మంచుకొండల యుద్ధవిద్య, మిజోరంలోని వైరెంగ్టెలో అడవి పోరు... పదాతి అధికారుల కోసం సైన్యం పెట్టుకున్న బళ్లు ఇలాంటివి.

పదోన్నతులూ అలాగే. రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్. ఇంతవరకు సర్వీసు కాలం, పరీక్షలు దాటితే వస్తాయి. కల్నల్ మాత్రం అలా రాదు. ఒక బ్యాచ్‌లోని వాళ్ల సర్వీసు రికార్డులన్నీ పక్కపక్కన పెట్టి ఎంపిక బోర్డు జల్లెడ పడుతుంది. అందులో నిలిచినవాళ్లకే బెటాలియన్ దక్కుతుంది.

సంతోష్ తొలి పోస్టింగు జమ్మూకశ్మీర్‌లో. తర్వాత ఐక్యరాజ్యసమితి శాంతి దళంతో కాంగో వెళ్లారు. తమిళనాడు వెల్లింగ్టన్‌లోని డిఫెన్స్ సర్వీసెస్ స్టాఫ్ కాలేజీలో కోర్సు పూర్తి చేశారు. ఆ కాలేజీకి వెళ్లాలంటే సైన్యంలోనే పోటీ పరీక్ష రాయాలి, రేపటి కమాండర్లను అక్కడే సానబడతారు. 2019 డిసెంబరులో, ఉద్యోగంలో చేరి సరిగ్గా పదిహేనేళ్లు నిండుతుండగా, తాను లెఫ్టినెంట్‌గా అడుగుపెట్టిన 16 బిహార్‌కే కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు. అప్పటికి ముప్పై ఆరేళ్లు. పదాతి అధికారికి ఇంతకన్నా తృప్తినిచ్చే కుర్చీ ఇంకోటి లేదని సైన్యంలో అంటుంటారు. పైపదవుల్లోకి వెళితే చేతిలో ఫైళ్లుంటాయి, బెటాలియన్ సీఓ చేతిలో మనుషులుంటారు.

పెట్రోలింగ్ పాయింట్ 14

గల్వాన్ నది అక్సాయ్‌చిన్ వైపు నుంచి వచ్చి ష్యోక్‌లో కలుస్తుంది. లద్దాఖ్‌కు చెందిన గైడు గులాం రసూల్ గల్వాన్ పేరు మీదే దానికి ఆ పేరు. అది కలిసే చోటుకు దగ్గర్లోంచే దర్బూక్ నుంచి దౌలత్ బేగ్ ఓల్డీకి మన 255 కిలోమీటర్ల రోడ్డు పోతుంది. ఉత్తర కొసన ఉన్న మన సైన్యానికి సామగ్రి చేర్చే దారి అది. లోయ అంచుల్లో ఎవరు కూర్చుంటే వాళ్లకు ఆ రోడ్డు మీద కన్ను దొరుకుతుంది.

2020 మే మొదటి వారంలో పాంగాంగ్ సరస్సు ఒడ్డున తోపులాటలు మొదలయ్యాయి. వాస్తవాధీన రేఖ పొడవునా రెండు వైపులా బలగాలు పెరిగాయి. జూన్ 6న లెఫ్టినెంట్ జనరల్ హరీందర్ సింగ్, చైనా మేజర్ జనరల్ ల్యూ లిన్ చర్చలు జరిపి దశలవారీగా వెనక్కి తగ్గాలని అనుకున్నారు. గల్వాన్‌లో పెట్రోలింగ్ పాయింట్ 14 దగ్గర ఆ మాట నిలిచిందో లేదో చూసుకునే బాధ్యత 16 బిహార్‌ది.

జూన్ 15న అక్కడ మాటామాటా పెరిగి పోరైంది. మేకులు దిగ్గొట్టిన కర్రలు, ఇనుప రాడ్లు, పైనుంచి రాళ్లు. ఎత్తు దాదాపు పద్నాలుగు వేల అడుగులు, పక్కన గడ్డకట్టించే నీళ్లు, కింద జారే రాయి. పతకం సైటేషన్‌లోని (సాహస వివరణ పత్రంలోని) వివరం ఇలా ఉంది: శత్రువు ఎదుట పరిశీలన చౌకీ ఏర్పాటు చేసే పనిని కల్నల్ సంతోష్ బాబు పక్కా ప్రణాళికతో, జవాన్లకు పరిస్థితి వివరించి మరీ పూర్తి చేశారు. ఆ చోటును నిలబెట్టుకునే క్రమంలో సంఖ్యలో ఎంతో ఎక్కువున్న శత్రువు పదునైన ఆయుధాలతో, రాళ్లతో విరుచుకుపడింది. తీవ్రంగా గాయపడినా ఆయన ముందు వరసలోనే ఉండి జవాన్లను నడిపించారు, చేతులతో కలబడి పోరాడుతూ తుదిశ్వాస దాకా ఆ చోటు వదల్లేదు.

మన సైనికులు ఇరవై మంది అమరులయ్యారు. మొదట బయటికొచ్చిన మూడు పేర్లలో సంతోష్ బాబుతోపాటు తమిళనాడు హవల్దార్ పళని, జార్ఖండ్ సిపాయి కుందన్ ఓఝా ఉన్నారు. తమ వైపు నలుగురు చనిపోయారని, అందులో ఒక బెటాలియన్ కమాండర్ ఉన్నాడని చైనా 2021 ఫిబ్రవరిలో ఒప్పుకుంది. ఆ సరిహద్దులో ప్రాణాలు పోవడం 1975లో అరుణాచల్‌లోని తులుంగ్ లా దగ్గర నలుగురు అస్సాం రైఫిల్స్ జవాన్లు చనిపోయాక అదే మొదలు.

మనవాళ్ల దగ్గర ఆయుధాలు లేవా అని అప్పుడు దేశమంతా అడిగింది. ఉన్నాయని, 1996, 2005 ఒప్పందాల ప్రకారం ఎదురుబొదురు ఘర్షణల్లో తుపాకులు వాడకపోవడం పాత ఆనవాయితీ అని విదేశాంగ మంత్రి జైశంకర్ జవాబిచ్చారు. ఆ ఆనవాయితీ బరువు ఎవరి మీద పడుతుందో ఆ రాత్రి తేలింది. చేతిలో తుపాకీ ఉండి వాడకూడని చోట, జవాన్లను నిలిపి ఉంచేది ముందున్న అధికారి ఒక్కడే. అతను వెనక్కి తగ్గితే వరస చెదురుతుంది.

జూన్ 16 మధ్యాహ్నానికి కబురు సూర్యాపేట చేరింది. 17న భౌతికకాయం హకీంపేట వైమానిక కేంద్రానికి, అక్కడి నుంచి రోడ్డు మీద సూర్యాపేటకు వచ్చింది. లాక్‌డౌన్ ఆంక్షలు పూర్తిగా పోని రోజులవి. అయినా దారి పొడవునా జనం నిలబడ్డారు. 18న సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం ఇచ్చింది. భార్య సంతోషిని డిప్యూటీ కలెక్టర్‌గా నియమించింది.

సగం తెలుపు, సగం కాషాయం

మహావీర్ చక్రను దగ్గర్నుంచి చూస్తే గుండ్రని వెండి బిళ్ల. మీద ఐదు కోణాల నక్షత్రం, దాని కొసలు అంచును తాకుతుంటాయి. నక్షత్రం నడుమ ఉబ్బెత్తున బంగారు పూత, అందులో మన రాజముద్ర. వెనక వైపు హిందీలో, ఇంగ్లీషులో పతకం పేరు, మధ్యలో రెండు తామరలు. రిబ్బన్ సగం తెలుపు, సగం కాషాయం. ఎడమ ఛాతీ మీద పెట్టుకున్నప్పుడు కాషాయం భుజం వైపు రావాలి. 1950 జనవరి 26న ఏర్పాటు చేసినా, 1947 ఆగస్టు 15 నుంచి జరిగిన సాహసాలకు వర్తింపజేశారు. అందుకే తొలి కశ్మీర్ యుద్ధ వీరులకూ దక్కింది.

శౌర్య పతకాలు రెండు కుటుంబాలు. శత్రువు ఎదుట చూపిన సాహసానికి పరమ్‌వీర్, మహావీర్, వీర్ చక్రలు. మిగతా సందర్భాలకు అశోక, కీర్తి, శౌర్య చక్రలు. ఉగ్రవాదులతో పోరులో నేలకొరిగినవారికి ఎక్కువగా రెండో కుటుంబం పతకాలే రావడం చూస్తుంటాం. గల్వాన్‌కు ప్రభుత్వం మొదటి కుటుంబం నుంచి ఇచ్చింది. తూటా పేలకపోయినా, యుద్ధమన్న మాట ఎవరూ అనకపోయినా, ఎదురుగా ఉన్నది శత్రువేనని ఆ పతకం ఎంపికే చెప్పేసింది. తూర్పు లద్దాఖ్ మోహరింపుకు సైన్యం పెట్టుకున్న ‘ఆపరేషన్ స్నో లెపర్డ్’ అన్న పేరును సైటేషన్‌లో రాయడమూ అందులో భాగమే. దౌత్యవేత్తలు ఆచితూచి మాట్లాడిన చోట, పతకాల జాబితా సూటిగా మాట్లాడింది.

అదే జాబితాలో గల్వాన్ నుంచి ఐదు వీర్ చక్రలు ఉన్నాయి. 16 బిహార్‌కు చెందిన నాయబ్ సుబేదార్ నుదూరామ్ సోరెన్, నర్సింగ్ అసిస్టెంట్ నాయక్ దీపక్ సింగ్, 81 ఫీల్డ్ రెజిమెంట్ హవల్దార్ పళని, 3 పంజాబ్ సిపాయి గుర్తేజ్ సింగ్... ఈ నలుగురికీ మరణానంతరం. 3 మీడియం రెజిమెంట్ హవల్దార్ తేజీందర్ సింగ్ ఒక్కరే బతికుండి అందుకున్నారు. సోరెన్ ఒడిశా సంతాల్ ఆదివాసి, దీపక్ మధ్యప్రదేశ్ రేవా కుర్రాడు, గుర్తేజ్ పంజాబ్ రైతుబిడ్డ. ఒక తెలుగు అధికారి చుట్టూ ఆ రాత్రి ఎన్ని భాషలు నిలబడ్డాయో ఈ పేర్లు చూస్తే తెలుస్తుంది.

తండ్రి ఉపేందర్ మాత్రం పూర్తిగా తృప్తి పడలేదు. పరమ్‌వీర్ చక్ర వస్తుందని ఆశించామని పురస్కారం ప్రకటించిన రోజే బాహాటంగా అన్నారు. కొడుకును కోల్పోయిన తండ్రి మాటకు ఎదురు చెప్పలేం. ఇప్పటిదాకా పరమ్‌వీర్ చక్ర దక్కింది 21 మందికే అన్నది ఒక నిజం. గల్వాన్‌లోని పరిస్థితి ఆ పాత యుద్ధాల కొలతలకు ఒదిగేది కాదన్నది ఇంకో నిజం. ఆ చర్చ తెగదు, తెగాల్సిన అవసరమూ లేదు. 2021 నవంబరు 23న రాష్ట్రపతి భవన్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మంజుల, సంతోషి కలిసి ఆ పతకం అందుకున్నారు.

పతకంతో వచ్చే డబ్బు గురించీ ఒక మాట. 2017లో సవరించిన లెక్క ప్రకారం మహావీర్ చక్రకు నెలకు 10 వేల రూపాయల భత్యం, పరమ్‌వీర్ చక్రకు 20 వేలు, వీర్ చక్రకు 7 వేలు. డబ్బు కోసం ఎవరూ ఆ పని చేయరని చెప్పడానికి ఈ అంకెలు చాలు.

అంతకు ముందు మన తెలుగునేలలో

ఈ పతకం తెలుగునేలకు కొత్త కాదు. తిరుపతికి చెందిన చిత్తూరు వేణుగోపాల్ 1971 యుద్ధంలో లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో గూర్ఖా రైఫిల్స్ బెటాలియన్‌ను నడిపారు. తూర్పు రంగంలో ఉథాలీ, దర్శన అనే రెండు బలమైన శత్రు స్థావరాలను పట్టుకున్నందుకు మహావీర్ చక్ర అందుకున్నారు. మేజర్ జనరల్‌గా రిటైరై తిరుపతిలో స్థిరపడ్డారు. బంగ్లాదేశ్ విజయానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 2021లో విజయ జ్యోతి ఆయన ఇంటి గుమ్మం దాకా వచ్చింది.

హైదరాబాద్‌లో పెరిగి, ఉస్మానియాలో చదివిన మేజర్ పద్మపాణి ఆచార్య కుటుంబం మూలాలు ఒడిశావి. 2 రాజ్‌పుతానా రైఫిల్స్ అధికారిగా 1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో ద్రాస్ కొండల మీద ప్రాణమిచ్చారు. ఆయనకూ మరణానంతరం మహావీర్ చక్రే. ముగ్గురి కథలూ వేరు. కానీ ముగ్గురూ పదాతి అధికారులు, ముగ్గురూ తమ భాష కాని జవాన్లను నడిపించినవాళ్లు.

సైన్యమంటే మన వైపు జ్ఞాపకం

ఆంధ్రలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి పంపిన ఊరు కాబట్టి ‘మిలటరీ మాధవరం’ అయింది. జనగామ, సూర్యాపేట వైపు అలాంటి ఊరు లేదు. దానికి కారణం ధైర్యం లేకపోవడమైతే కాదు. ఘన్‌పూర్ పక్కనే తాటికొండ కోట, రఘునాథపల్లి వైపు ఖిలాషాపూర్ కోట ఉన్నాయి. కల్లుగీత వృత్తిలో పుట్టిన సర్వాయి పాపన్న అక్కడ సైన్యం కూడగట్టి, 1708లో ఓరుగల్లు మీద, మరుసటేడు భువనగిరి మీద పడ్డవాడు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరగడంతో రగిలిన సాయుధ పోరాటం ఈ తాలూకాలదే.

కానీ ఆ పోరాటాలన్నీ సర్కారు సైన్యానికి అవతలి వైపు నిలబడినవి. 1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది, యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్ల పీడ విరగడైందని సంబరపడ్డ ఊళ్లే, అదే సైన్యం సాయుధ పోరాట దళాల కోసం గాలిస్తూ 1951 దాకా క్యాంపులు పెడితే భయపడ్డాయి. తర్వాత నక్సలైట్ల కాలం. దాంతో యూనిఫాం అంటే ఇంటి ముందుకొచ్చి నిలబడేది తప్ప, ఇంట్లోంచి తొడుక్కుని వెళ్లేది కాదన్న భావన ఇక్కడ రెండు తరాలు నడిచింది. బంధువులు వద్దన్నారని ఉపేందర్ చెప్పిన మాట వెనక ఈ నేల చరిత్ర కూడా ఉంది.

ఆ భావన ఇప్పుడు మారింది. మన వైపు కాలేజీ గ్రౌండ్లలో తెల్లారకముందే పిల్లలు పరుగులు తీస్తున్నారు. 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లోపు పూర్తి చేస్తే పూర్తి మార్కులు, పది పుల్‌అప్స్, తొమ్మిది అడుగుల కాలువ దూకడం... అగ్నివీర్ కొలతలు వాళ్లకు నోటికొచ్చు. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో అగ్నివీరులను తీసుకునే అగ్నిపథ్ పథకానికి వ్యతిరేకంగా జరిగిన ఆందోళనలో పోలీసు కాల్పులకు బలైనవాడు వరంగల్ జిల్లా కుర్రాడే. నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత నలుగురిలో ఒకరికే కొనసాగింపు అన్న నిబంధన మీద ఆ కోపం. సైన్యంలోకి వెళ్లాలన్న ఆరాటం ఎంత ఉందో చెప్పడానికి అంతకన్నా చేదు రుజువు అక్కర్లేదు.

ఆ ఆరాటమంతా ఒకే గుమ్మం ముందు ఆగిపోతోంది. జవాను ఎంపిక గురించి ఊరికొక కోచింగ్ మనిషి దొరుకుతాడు. ఎన్‌డీఏ అంటే ఏమిటో, ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు దొరకరు. పదో తరగతి తర్వాత ఎంపీసీ అయితే ఇంజినీరింగ్, బైపీసీ అయితే డాక్టర్. మూడో దారి పేరే ఇళ్లలో వినపడదు.

ఎల్కుర్తికి రాని బడి

సంతోష్‌ను తయారు చేసింది కోరుకొండ. అలాంటి బడి ఒకటి మన ఘన్‌పూర్ నియోజకవర్గంలోనే, ధర్మసాగర్ మండలం ఎల్కుర్తిలో పెట్టాలనుకున్నారు. వరంగల్‌కు కేంద్రం సైనిక్ స్కూల్ మంజూరు కూడా చేసింది. ఏళ్లు గడిచాయి, గోడ లేవలేదు. అనుమతి గడువు తీరిపోయిందని, దాన్ని మళ్లీ ఇవ్వాలని 2024 జూన్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్‌ను కలిసి అడిగారు.

ఇది ఒక్క భవనం సంగతి కాదు. సైనిక్ స్కూళ్లలో 67 శాతం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకే. ఆంధ్రప్రదేశ్‌లో కోరుకొండ, కలికిరి రెండు ఉన్నాయి. రాష్ట్రం విడిపోయాక, సంతోష్ 1993లో స్థానికుడిగా నడిచి వెళ్లిన గేటు ముందు మన పిల్లలు పరాయివాళ్లుగా నిలబడాల్సి వస్తుంది. కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో సాంఘిక సంక్షేమ గురుకులం, ఖానాపూర్ మండలం అశోక్‌నగర్‌లో గిరిజన గురుకులం సైనిక్ స్కూళ్ల పేరుతో నడుస్తున్నాయి. ఆడపిల్లలకు సాయుధ దళాల శిక్షణతో కూడిన డిగ్రీ కాలేజీ భువనగిరి వైపు ఉంది. దళిత, గిరిజన పిల్లలకు రాష్ట్రం తెరిచిన ఈ తలుపులు చిన్నవేం కావు. అయినా వాటితో ఆగితే సరిపోదు.

విగ్రహం, చౌరస్తా పేరు, పాఠ్యపుస్తకంలో ఒక పేజీ... ఇవి ఒక అమరుడికి మనం తీర్చే రుణం. అలాంటి అధికారి మళ్లీ పుట్టుకు రావాలంటే పదేళ్ల పిల్లవాడికి దగ్గర్లో ఒక బడి కావాలి, పదహారేళ్ల పిల్లకు దరఖాస్తు ఎప్పుడు పడుతుందో చెప్పే టీచరు కావాలి. గల్వాన్‌లో ఒక రాత్రి నిలబడటానికి ఆయనకు పదకొండేళ్ల చదువు, శిక్షణ, ఆపైన పదిహేనేళ్ల సర్వీసు పట్టింది. ఆ లెక్క మొదలయ్యేది ఆరో తరగతిలోనే.

అధికారి కావాలంటే

• ఐదో తరగతి చదువుతుంటే: ఆరో తరగతిలో ప్రవేశానికి అఖిల భారత సైనిక్ స్కూల్ ప్రవేశ పరీక్ష. తొమ్మిదిలో చేరే వీలూ ఉంది. ఆడపిల్లలూ రాయొచ్చు.

• ఇంటర్ చదువుతుంటే: యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెట్టే ఎన్‌డీఏ పరీక్ష. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్లు. లెక్కలకు 300 మార్కులు, జనరల్ ఎబిలిటీకి 600, ఇంటర్వ్యూకు 900. వైమానిక, నౌకా దళాలకు ఎంపీసీ ఉండాలి. సైన్యం విభాగానికి ఏ గ్రూపైనా ఫర్వాలేదు, సీఈసీ, హెచ్ఈసీ వాళ్లూ అర్హులే. లెక్కల పేపర్ మాత్రం అందరూ రాయాల్సిందే.

• డిగ్రీ అయితే: సీడీఎస్ పరీక్ష. డెహ్రాడూన్‌లో పద్దెనిమిది నెలలు, లేదా చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో దాదాపు ఏడాది శిక్షణ.

• ఎస్ఎస్‌బీ: బెంగళూరు, భోపాల్ వంటి చోట్ల ఐదు రోజులు సాగే ఎంపిక. బొమ్మ చూసి కథ రాయించడం, బృందంతో అడ్డంకులు దాటించడం, ముఖాముఖి ఉంటాయి. వాళ్లు వెతికేది కండబలం కాదు. పదిమందిలో ఉన్నప్పుడు ఎవరి మాట నలుగురూ వింటారు, చిక్కు వచ్చినప్పుడు ఎవరు ముందు అడుగేస్తారు అన్నదే.

• అమ్మాయిలు: సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశంతో 2022 నుంచి ఎన్‌డీఏలో చేరుతున్నారు. పదాతి దళం తలుపు మాత్రం వాళ్లకు ఇంకా తెరుచుకోలేదు.